ఒక్క సెకను చూపు

కాలిఫోర్నియాలోని శాన్ డియేగో కౌంటీ జైళ్ళలో 2006 నుంచి 2020 దాకా 185 మంది చనిపోయారు. ఇది ఏ ఉద్యమ సంఘమో కరపత్రంలో వేసిన లెక్క కాదు. రాష్ట్ర ఆడిటర్ 2022 ఫిబ్రవరిలో బయటపెట్టిన నివేదికలోది. నేను ఆ నివేదిక తెరిచింది అంకెల కోసమే, వృత్తి నేర్పిన అలవాటు. కానీ నన్ను పట్టుకుని ఆపింది అంకె కాదు. జైలు నిబంధనల ప్రకారం గార్డులు కనీసం గంటకోసారి ప్రతి గది దగ్గరికీ వెళ్ళి, లోపలి మనిషిని నేరుగా కళ్ళతో చూసి, బతికే ఉన్నాడనీ ప్రమాదంలో లేడనీ తేల్చుకోవాలి. ఆడిటర్ కార్యాలయం వాళ్ళు వీడియోలు తెప్పించుకుని చూశారు. కొన్నిచోట్ల గార్డు గదిలోకి చూసింది ఒక్క సెకను. కొందరైతే నడక కూడా ఆపలేదు. తర్వాతెప్పుడో తలుపు తీసేసరికి లోపలి శరీరం బిగుసుకుపోయి ఉన్న సందర్భాలున్నాయి. అంటే మనిషి పోయి గంటలయింది. ఆ గంటల్లో చెక్‌లు మాత్రం జరిగినట్టే లెక్క.

మా పనిలో దీన్ని హెల్త్ చెక్ అంటాం. నడుస్తున్న ప్రతి సర్వర్‌నీ కొన్ని సెకన్లకోసారి 'ఉన్నావా?' అని పలకరిస్తాం, అది 'ఉన్నా' అని బదులివ్వాలి. బద్ధకస్తుడైన ప్రోగ్రామర్ ఏం చేస్తాడంటే, లోపల డేటాబేస్ చచ్చినా, డిస్క్ నిండిపోయినా, ఎప్పుడడిగినా 'ఉన్నా' అనే జవాబే వచ్చేలా రాసి పడేస్తాడు. డాష్‌బోర్డ్ మీద అంతా పచ్చగా ఉంటుంది, కస్టమర్లు మాత్రం ఫోన్లు చేసి తిడుతుంటారు. అలాంటి కోడ్ దొరికితే రాసినవాణ్ణి కూర్చోబెట్టి కడిగేస్తాం. జైల్లో దొరికితే నివేదిక రాస్తారు, సిఫార్సులు చేస్తారు, షెరీఫ్ కార్యాలయం ఒక జవాబు రాస్తుంది, అందరూ ఇళ్ళకి వెళ్ళిపోతారు.

అమెరికా కౌంటీ జైళ్ళ మీద 'పర్యవేక్షణ' పేరుతో నడుస్తున్న తంతులో చాలా భాగం, చూసీ చూడనట్టు పోవడానికి పెట్టుకున్న మర్యాద పేరు. తాళం, కాగితం, డబ్బు మూడూ షెరీఫ్ చేతిలోనే ఉన్నంతకాలం ఎన్ని కమిటీలు వేసినా ఇంతే అని నా వాదన. దాంతోపాటు ఇంకో మాట కూడా అనాలి, అది మీకు నచ్చకపోవచ్చు. ఇక్కడ బతుకుతున్న తెలుగువాళ్ళం, ముఖ్యంగా జైలు కవిత్వం చదివి కళ్ళు తుడుచుకునే మనం, ఆ నడక ఆపని గార్డులాగే వెళ్తున్నాం.

ముందు మాటల సంగతి. మనకి జైలు అంటే జైలే. ఇక్కడ రెండున్నాయి. పెద్ద శిక్ష పడ్డవాళ్ళు వెళ్ళేది ప్రిజన్, రాష్ట్రానిదో కేంద్రానిదో. అరెస్టయిన ప్రతివాడూ ముందు వెళ్ళేది కౌంటీ జైలు. తాగి బండి నడిపినవాడు, భార్యని కొట్టినవాడు, కోర్టు తారీకు మర్చిపోయినవాడు, పిచ్చెక్కి రోడ్డు మీద అరిచినవాడు, హత్య కేసులో ముద్దాయి, అందరికీ అదే గుమ్మం. ఏ రోజు తలలు లెక్కపెట్టినా దేశం మొత్తం మీద ఇలాంటి జైళ్ళలో ఆరున్నర లక్షల మంది దాకా ఉంటారు. ఏడాదిలో లోపలికి వెళ్ళిన సార్లు లెక్కేస్తే 70 లక్షలు దాటుతుంది. ఏ రోజైనా లోపలున్న పదిమందిలో దాదాపు ఏడుగురి మీద నేరం ఇంకా రుజువు కాలేదు. చాలామంది బెయిల్ డబ్బు కట్టలేక ఉన్నవాళ్ళు. (మన దేశం ఇందులో వెనకబడిందేమీ లేదు. 2022 లెక్కల్లో భారత జైళ్ళలో నూటికి 75 మంది విచారణ ఖైదీలే.) కాబట్టి 'తప్పు చేశారు, అనుభవిస్తున్నారు' అనే వాక్యం కౌంటీ జైలుకి అతకదు. తప్పు చేశారో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఈ జైళ్ళని ఎక్కువ చోట్ల నడిపేది షెరీఫ్. షెరీఫ్ ఎన్నికైన అధికారి. కౌంటీ బోర్డు ఆయన బడ్జెట్‌ని ఆమోదిస్తుంది గానీ, చాలా కౌంటీల్లో ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఆయనకి పైవాడు ఓటరు. ఆ ఓటరు నాలుగేళ్ళకోసారి, ఎవరో కూడా సరిగ్గా తెలియకుండా, బ్యాలట్ చివర్లో ఒక గడి నింపుతాడు. లోపలున్నవాడి పరిస్థితికీ ఈ గడికీ మధ్య ఉన్న దూరంలోనే ఈ కథంతా జరుగుతుంది.

మాది శాంటా క్లారా కౌంటీ. ఆపిల్, గూగుల్, ఎన్విడియా ఉన్న కౌంటీ. కౌంటీ జైళ్ళలో ఒకటి మిల్పీటస్‌లోని ఎల్మ్‌వుడ్, మనవాళ్ళు శనివారాలు షాపింగ్‌కి వెళ్ళే గ్రేట్ మాల్‌కి కూతవేటు దూరంలో. రెండోది మెయిన్ జైల్, శాన్ హోసేలో హెడ్డింగ్ స్ట్రీట్ మీద. కౌంటీ బోర్డు సమావేశమయ్యే భవనం కూడా ఆ వీధిలోనే. పాలించేవాళ్ళకీ జైలుకీ మధ్య కాలినడకన కొన్ని నిమిషాలు.

2015 ఆగస్టులో ఆ మెయిన్ జైల్లో మైకల్ టైరీ అనే 31 ఏళ్ళ మనిషి చనిపోయాడు. బైపోలార్ జబ్బు మనిషి. చిన్న నేరాల కేసులో లోపలున్నాడు. మానసిక చికిత్స కేంద్రంలో మంచం ఖాళీ అయితే అక్కడికి పంపాలి, అది ఖాళీ కాలేదు కాబట్టి జైల్లో ఉన్నాడు. ముగ్గురు గార్డులు కొట్టారు. కాలేయం, ప్లీహం చిట్లి, లోపల్లోపలే రక్తం కారి చనిపోయాడు. 2017లో ఆ ముగ్గురికీ హత్యానేరం రుజువైంది. 2022లో అప్పీల్ కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది, మధ్యలో హత్యానేరం గురించిన రాష్ట్ర చట్టం మారింది కాబట్టి. న్యాయశాస్త్రం ప్రకారం ఆ నిర్ణయానికి కారణాలున్నాయి, వాటి జోలికి నేను పోను. నా ప్రశ్న ఇంకోటి. ఆ గదుల వైపు అప్పటికి సరైన కెమెరాలు లేవు. ప్రపంచంలో సగం ఫోన్లకి కెమెరా డిజైన్ చేసిన ఊళ్ళు చుట్టూ ఉన్న చోట, జైలుకి కెమెరాలు లేవు. ఆ తర్వాత గోల మొదలయ్యాక షెరీఫ్ కార్యాలయం తాత్కాలికంగా కొన్ని కెమెరాలు తెచ్చి పెట్టింది. ఎక్కడినుంచో తెలుసా? కాస్ట్‌కో నుంచి. మనం బాదం పప్పూ టాయిలెట్ పేపరూ తెచ్చుకునే కాస్ట్‌కో.

నాకు ఇది జోక్‌గా అనిపించదు. కెమెరా చవకదా ఖరీదుదా అన్నది కాదు సమస్య. అంత సులువుగా కొనుక్కొచ్చి పెట్టగలిగిన వస్తువు, ఒక మనిషి చచ్చేదాకా ఎందుకు రాలేదు? ఎవరూ అడగలేదు కాబట్టి. అడిగే హక్కు ఉన్నవాళ్ళకి బలవంతపెట్టే శక్తి లేదు కాబట్టి.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. రిటైర్డ్ జడ్జి లడోరిస్ కోర్డెల్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశారు. నెలల తరబడి బహిరంగ సమావేశాలు పెట్టి, ఖైదీల కుటుంబాల మాట విని, వందకు పైగా సిఫార్సులు చేసింది. అందులో ముఖ్యమైనది, బయటినుంచి స్వతంత్ర పర్యవేక్షణ ఉండాలని. 2018లో కౌంటీ దానికోసం ఒక కార్యాలయాన్ని ఏర్పాటు చేసింది, తర్వాత బయటి నిపుణుల బృందానికి ఆ పని అప్పజెప్పింది. ఇక్కడిదాకా చదివితే వ్యవస్థ తనని తాను సరిదిద్దుకుంటోంది అనిపిస్తుంది. కానీ ఆ నిపుణులు పని మొదలుపెట్టాక ముందు గుద్దుకున్న గోడ ఏంటంటే, కాగితాలు. ఏ కాగితం చూపించాలి, ఎవరికి చూపించాలి, దేన్ని గోప్యం అనాలి అన్న చర్చ సాగుతూ పోయింది. పర్యవేక్షకుడు వచ్చాడు, కుర్చీ ఇచ్చారు, చూడ్డానికేమీ ఇవ్వలేదు. రీడ్ పర్మిషన్ లేని ఆడిటర్.

ఆ నిపుణులు అడిగిన వాటిలో ఒక కేసు ఉంది. 2018లో, మానసికంగా కుప్పకూలిన ఒక ఖైదీని ఒక జైలు నుంచి ఇంకో జైలుకి వ్యానులో తరలిస్తున్నారు. దారి పొడుగునా అతను తల గోడకేసి బాదుకున్నాడు. వ్యాను చేరాక కూడా సాయం వెంటనే అందలేదు. మెదడు దెబ్బతింది. 2020లో కౌంటీ ఆ కుటుంబానికి కోటి డాలర్ల పరిహారం ఒప్పుకుంది. కోటి డాలర్లు కట్టినవాళ్ళం మనమే, ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూసి నిట్టూర్చేవాళ్ళం. ఏం జరిగిందో తెలుసుకునే హక్కు మాత్రం మనం నియమించుకున్న పర్యవేక్షకుడికే సరిగ్గా లేకపోయింది.

చివరికి కౌంటీ సివిల్ గ్రాండ్ జ్యూరీ రంగంలోకి దిగింది. 1998 నుంచి షెరీఫ్‌గా ఉన్న లారీ స్మిత్ మీద అవినీతి, విధుల ఉల్లంఘన అభియోగాలు పెట్టింది. 2022 నవంబరులో తీర్పొచ్చింది. దాన్ని జాగ్రత్తగా చదవాలి. రుజువైనవి ఎక్కువగా తుపాకీ పర్మిట్లు అయినవాళ్ళకి ఇవ్వడం గురించీ, హాకీ మ్యాచ్‌లో ఖరీదైన సూట్ వాడుకున్న సంగతి దాచడం గురించీ. తీర్పుకి కొద్ది రోజుల ముందే ఆవిడ పదవి వదిలేసింది. ఆ వ్యాను ఖైదీ కేసులో పర్యవేక్షకులకి సహకరించలేదన్న అభియోగం కూడా జాబితాలో ఉంది. జ్యూరీ ఆవిణ్ణి నిర్దోషిగా తేల్చింది సరిగ్గా ఆ ఒక్కదాంట్లోనే. హాకీ టికెట్టుకి చట్టం ఉంది. పర్యవేక్షకుడికి కాగితం ఇవ్వకపోతే పట్టుకోవడానికి సరైన చట్టం లేదు. జ్యూరీని తప్పు పట్టలేం, వాళ్ళ చేతికిచ్చిన పనిముట్టే అంత.

ఇది ఒక్క కౌంటీ జాతకం కాదు. లాస్ ఏంజెలెస్‌లో 2011లో ఎఫ్‌బీఐ వాళ్ళు జైల్లో ఖైదీలని కొడుతున్నారన్న ఫిర్యాదుల మీద రహస్యంగా విచారణ మొదలుపెట్టి, ఒక ఖైదీకి సెల్‌ఫోన్ అందేలా చేశారు. షెరీఫ్ కార్యాలయం అది కనిపెట్టి ఏం చేసిందయ్యా అంటే, ఆ ఖైదీనే దాచేసింది! పేరు మార్చి, చోటు మార్చి, ఎఫ్‌బీఐకి దొరక్కుండా. సొంత జైల్లో మనిషిని మాయం చెయ్యగలిగినవాడికి ఒక ఫైలు మాయం చెయ్యడం ఎంతసేపు? ఈ వ్యవహారంలో న్యాయానికి అడ్డుపడ్డాడని 2017లో షెరీఫ్ లీ బాకా దోషిగా తేలాడు, మూడేళ్ళ శిక్ష పడింది. ఎఫ్‌బీఐ అంతటిది ముక్కు చీదితే తప్ప కదలని చోట, నెలకోసారి కలిసే పౌర కమిటీ ఏం చేస్తుంది?

రాష్ట్రం లేదా అంటే, ఉంది. కాలిఫోర్నియాలో ఒక రాష్ట్ర బోర్డు రెండేళ్ళకోసారి జైళ్ళని తనిఖీ చేస్తుంది. కనీస ప్రమాణాలు రాసి పెట్టింది. ఆ ప్రమాణాలు పాటించకపోతే ఏమవుతుంది? పాటించలేదు అని రాస్తుంది. మళ్ళీ రెండేళ్ళకి వస్తుంది. ఇదంతా చదువుతుంటే మన ఊళ్ళలో హాస్టళ్ళకి ఇన్‌స్పెక్షన్ వచ్చే రోజు గుర్తొస్తుంది. ఆ ఒక్క రోజు కోడిగుడ్డు వస్తుంది, దుప్పట్లు వస్తాయి, నీళ్ళ ట్యాంకు కడుగుతారు. గ్రాండ్ జ్యూరీ కూడా చట్టం ప్రకారం ఏటా తమ కౌంటీ జైళ్ళ పరిస్థితిని విచారించాలి. 19 మంది మామూలు పౌరులు, ఏడాది పదవీకాలం. వాళ్ళకి సంగతి అర్థమయ్యేసరికి పదవి అయిపోతుంది. 2020లో వచ్చిన చట్టం ఒకటి కౌంటీలు కావాలనుకుంటే సమన్లు జారీ చేసే అధికారంతో పర్యవేక్షణ బోర్డు పెట్టుకోవచ్చంది. 'కావాలనుకుంటే' అన్న మాట గమనించండి. శాన్ డియేగోలో అలాంటి పౌర సమీక్షా బోర్డు ఎప్పటినుంచో ఉంది. అదే ఆడిటర్ నివేదిక దాని గురించి కూడా చెప్పింది. ఆ పదిహేనేళ్ళ చావుల్లో దాదాపు మూడో వంతు వాటిని ఆ బోర్డు విచారించనే లేదు. కాపలాదారుడి మీద కాపలా పెట్టారు, ఆ కాపలా కూడా కునికింది.

టెక్సస్‌లో ఉన్నవాళ్ళు ఇదంతా కాలిఫోర్నియా గొడవ అనుకోకండి. 2015 జులైలో హ్యూస్టన్ దగ్గర వాలర్ కౌంటీ జైల్లో శాండ్రా బ్లాండ్ అనే 28 ఏళ్ళ మనిషి చనిపోయింది. లేన్ మారేటప్పుడు సిగ్నల్ వెయ్యలేదని కారు ఆపారు, మాట మీద మాట పెరిగింది, అరెస్టు చేశారు. బయటికి రావడానికి కావాల్సింది 500 డాలర్లు. మూడో రోజు గదిలో శవం. ఇక్కడా అదే సంగతి. గంటకోసారి ముఖాముఖి చూడాల్సిన చెక్ జరగలేదని టెక్సస్ జైలు ప్రమాణాల కమిషన్ తప్పు పట్టింది. 2017లో ఆమె పేరుతో చట్టం వచ్చింది. చెక్‌లు నిజంగా జరిగాయో లేదో ఎలక్ట్రానిక్ సెన్సర్లతో నమోదు చెయ్యాలన్నది అందులో ఒక అంశం. కాగితాన్ని నమ్మడం మానేశారన్నమాట. మనవాళ్ళు పోటీలు పడి ఇళ్ళు కొంటున్న కేటీ ఊరు కొంత ఆ వాలర్ కౌంటీలోకే వస్తుంది.

ఇక లోపల జరిగే కార్యక్రమాల గురించి. క్లాసులు, కౌన్సెలింగ్, మత్తు మాన్పించే బృందాలు, హైస్కూల్ సర్టిఫికెట్, వెల్డింగ్ లాంటి పనులు. ఎల్మ్‌వుడ్‌లో మిల్పీటస్ వయోజన విద్యా విభాగం వాళ్ళు పాఠాలు చెప్తారు. షెరీఫ్‌లు ప్రెస్ మీట్లలో ఎక్కువ చూపించేది వీటినే. గ్రాడ్యుయేషన్ టోపీలు, చప్పట్లు, ఫొటోలు. నేను ఈ క్లాసులకి వ్యతిరేకిని కాను. రాండ్ సంస్థ 2013లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, లోపల చదువుకున్నవాళ్ళు మళ్ళీ నేరంలోకి వెళ్ళే అవకాశం 43 శాతం తక్కువని తేలింది. కానీ ఆ అధ్యయనాలు ప్రధానంగా ప్రిజన్ల గురించి. జైల్లో సగటు మనిషి ఉండేది దాదాపు ఒక నెల. పన్నెండు వారాల కోర్సు పెట్టి నాలుగో వారంలో విడుదలయ్యే మనిషికి ఏం చెప్తావు? ఇంకోవైపు, 2011లో రాష్ట్ర ప్రిజన్లు కిక్కిరిసిపోయాయని సుప్రీంకోర్టు మొట్టికాయ వేశాక, కాలిఫోర్నియా కొన్ని రకాల శిక్షల్ని కౌంటీ జైళ్ళకి మళ్ళించింది. దాంతో నెల రోజుల కోసం కట్టిన భవనాల్లో మనుషులు ఏళ్ళు గడుపుతున్నారు. ఒకే గోడల మధ్య మూడు రోజుల మనిషి, మూడేళ్ళ మనిషి. ఇద్దరికీ ఒకే కరపత్రం.

సిబ్బంది తక్కువైన రోజు మొదట రద్దయ్యేది క్లాసే. గార్డు లేకపోతే తలుపు తీయరు, తలుపు తీయకపోతే టీచరు వరండాలో కూర్చుని వెళ్ళిపోతుంది. కాలిఫోర్నియా ప్రమాణాల ప్రకారం గది బయట గడపాల్సిన కనీస సమయం వారానికి పది గంటలు. వారానికి 168 గంటలు. మిగతా 158 గంటల్లో ఏం జరిగినా ప్రమాణం పాటించినట్టే. కార్యక్రమాల నివేదికల్లో 'ఇన్ని క్లాసులు అందిస్తున్నాం' అని ఉంటుంది. ఎన్ని క్లాసులు జరగలేదు అన్నది కూడా నాకు కావాలి. ఎన్ని రిక్వెస్టులు వచ్చాయో చెప్పి ఎన్ని ఫెయిలయ్యాయో చెప్పని డాష్‌బోర్డ్‌ని మా ఆఫీసులో ఇంటర్న్ కూడా ఒప్పుకోడు.

డబ్బు సంగతికొస్తే మజా ఉంది. జైల్లో నూడుల్స్, సబ్బు, కాఫీ పొడి అమ్మే దుకాణం లాభాలు, ఖైదీల ఫోన్ కాల్స్ మీద కంపెనీలిచ్చే కమీషన్లు ఖైదీల సంక్షేమ నిధి అనే ఖాతాలో పడతాయి. ఆ డబ్బు ఎవరిది? బయటున్న అమ్మది, భార్యది, చెల్లిది. చాలావరకు పేదవాళ్ళది. దాన్ని ఖర్చు పెట్టేది షెరీఫ్. కాలిఫోర్నియా చట్టంలో ఈ నిధిని ఒకప్పుడు 'కేవలం' ఖైదీల మేలు కోసం వాడాలని ఉండేది. తర్వాత ఆ మాట తీసేసి 'ప్రధానంగా' అని పెట్టారు, మిగిలింది జైలు భవనాల నిర్వహణకి వాడుకోవచ్చన్నారు. కవిత్వంలో ఒక మాట మారితే ఎంత మారుతుందో మనం పేజీలకి పేజీలు రాస్తాం. ఇక్కడ ఒక క్రియావిశేషణం మారితే, ఒక ముసలావిడ కొడుకుతో మాట్లాడ్డానికి కట్టిన డబ్బుతో జైలు పైపు రిపేరు చెయ్యొచ్చు. ఏటా ఖర్చుల పద్దు బోర్డుకి సమర్పించాలి. సమర్పిస్తారు. అది ఎవరు చదువుతారు? శాన్ ఫ్రాన్సిస్కో కౌంటీ మాత్రం 2020లో ఫోన్ కాల్స్‌ని పూర్తిగా ఉచితం చేసి, దుకాణంలో లాభం వేసుకోవడం మానేసింది. ఆకాశం ఏమీ విరిగిపడలేదు. రాష్ట్రం 2023 నుంచి ప్రిజన్లలో కాల్స్ ఉచితం చేస్తూ కౌంటీ జైళ్ళని బయటే వదిలేసింది. ఇంకా నేరం రుజువు కానివాళ్ళు ఎక్కువగా ఉండేదేమో కౌంటీ జైళ్ళలోనే.

నా స్నేహితుల్లో కొందరు నాకంటే ఎడమవైపున్నవాళ్ళు. పర్యవేక్షణ అంటే పంజరానికి రంగు వెయ్యడమే, అసలు పంజరమే వద్దనాలి అంటారు. వాళ్ళ మాటలో బలం ఉంది. టైరీ జైల్లో ఉండాల్సిన మనిషే కాదు, అతనికి కావాల్సింది ఆసుపత్రిలో మంచం. బెయిల్ డబ్బు లేని కారణంగా లోపలున్నవాళ్ళని బయటికి పంపిస్తే చూసుకోవాల్సిన గదులే తగ్గుతాయి. అంతవరకు నేనూ వాళ్ళతోనే. కానీ ఈ రాత్రి పదకొండింటికి ఆ గదిలో ఒకడు మత్తు దిగి వణుకుతున్నాడు. పంజరాలు లేని లోకం వచ్చేదాకా వాణ్ణి గంటకోసారి ఎవరో ఒకరు ఆగి చూడాలి. శాంటా క్లారాలో ఏకాంత నిర్బంధం, వైద్యం విషయంలో కొంతైనా కదలిక వచ్చిందంటే ప్రిజన్ లా ఆఫీస్ అనే సంస్థ 2015లో వేసిన దావా వల్ల, దాని ఫలితంగా వచ్చిన కోర్టు ఒప్పందం వల్ల. సిఫార్సుని పక్కన పెట్టొచ్చు. కోర్టు ఆర్డర్‌ని పెట్టలేరు. తేడా అక్కడ ఉంది.

గార్డుల వైపు మాట కూడా అనాలి. బలవంతపు ఓవర్‌టైమ్, వాసన, అరుపులు, మానసిక రోగుల్ని చూసుకునే శిక్షణ లేకపోవడం, ఇవన్నీ నిజం. ఒక్క సెకను చూసి వెళ్ళిపోయినవాడు రాక్షసుడు కానక్కర్లేదు, అలిసిపోయినవాడు కావొచ్చు. అందుకే నేను మంచి గార్డుల గురించి మాట్లాడటం లేదు, లాగుల గురించి మాట్లాడుతున్నా.

ఇప్పుడు మన సంగతి. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఉదంతం గుర్తుందా? అమెరికా ప్రభుత్వమే పెట్టిన దొంగ యూనివర్సిటీ. మొదటి విడతలో అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్ళలో తెలుగు పిల్లలు ఎందరో. ఇమిగ్రేషన్ శాఖ తను పట్టుకున్నవాళ్ళని పెట్టడానికి దేశమంతా కౌంటీ జైళ్ళలో మంచాలు అద్దెకు తీసుకుంటుంది. ఆ వారం మన వాట్సాప్ గ్రూపులన్నీ 'లోపల తిండి ఏంటి, ఫోన్ ఎలా చెయ్యాలి, లాయర్ ఎవరు' అని అల్లాడిపోయాయి. తెలుగు సంఘాలు కదిలాయి, మంచి పనే చేశాయి. పిల్లలు బయటపడ్డారు, కొందరు తిరిగి వెళ్ళిపోయారు, మనం ఆ జైళ్ళని మర్చిపోయాం. పక్క మంచం మీద ఉన్న గ్వాటెమాలా మనిషి గురించీ, అవతలి గదిలోని నల్లవాడి గురించీ ఆ వారం కూడా ఎవరూ అడగలేదు. నాకు తెలిసిన ఒకతను తాగి కారు నడిపి రెండు రాత్రులు లోపలున్నాడు. బయటికొచ్చాక మిత్రులంతా అడిగింది ఒక్కటే, వీసాకి ఏమన్నా అవుతుందా అని. లోపల ఎలా ఉందని ఎవరూ అడగలేదు, నాతో సహా. అతనూ చెప్పలేదు.

సాహిత్యం చదివే మనకి జైలు కొత్త కాదు కదా. దాశరథి నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన కథ చెప్పుకుంటాం. వరవరరావు 'సహచరులు' చదువుకున్నాం. కానీ మనం ప్రేమించే ఖైదీ ఎప్పుడూ రాజకీయ ఖైదీయే, అక్షరాలొచ్చినవాడే, మనలాంటివాడే. దాశరథితో పాటు అదే జైల్లో ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి మాత్రం తన వీరత్వం పక్కనపెట్టి 'జైలు లోపల' కథల్లో మామూలు నేరస్తుల్ని చూశాడు, వాళ్ళు అక్కడికి ఎలా వచ్చారో చూశాడు. ఆ చూపు తర్వాత మనకి పెద్దగా కొనసాగలేదు. డయాస్పొరా కథలు నేను చదివినంతలో లేఆఫ్ ఉంటుంది, గ్రీన్ కార్డు ఉంటుంది, అమ్మ చనిపోతే విమానం దొరకని రాత్రి ఉంటుంది. కౌంటీ జైలు ఉండదు. 2016లో సంగారెడ్డి పాత జైల్లో 500 రూపాయలు కట్టి ఒక రోజు ఖైదీగా గడపొచ్చంటే మనకి అదొక సరదా వార్త. మిల్పీటస్‌లో డబ్బు కట్టకపోవడం వల్లే లోపలుంటారు.

'ఓటే లేదు, మనమేం చేస్తాం' అంటారు. నిజమే, గ్రాండ్ జ్యూరీలో కూర్చోవాలంటే పౌరసత్వం కావాలి. షెరీఫ్‌కి ఓటెయ్యాలన్నా కావాలి. కానీ కౌంటీ బోర్డు సమావేశంలో లేచి మాట్లాడ్డానికి వీసా అడగరు. హెచ్1 మీద ఉన్నా, విద్యార్థి అయినా, గ్రీన్ కార్డు క్యూలో పదిహేనేళ్ళుగా నిలబడ్డా, ఒకటి రెండు నిమిషాలు మైకు ఇస్తారు. ప్రభుత్వ కాగితాలు అడిగే హక్కు కూడా పౌరులకి మాత్రమే పరిమితం కాదు. డేటా చదవడం మన కౌంటీలో వేలమందికి అన్నం పెట్టే విద్య. గంటకోసారి చేసిన చెక్‌ల టైమ్‌స్టాంపులు నెలనెలా విడుదల చెయ్యమని అడగొచ్చు, సారాంశం కాదు, అసలు లాగు. వాటిలో యాదృచ్ఛికంగా కొన్నిటిని వీడియోతో పోల్చి చూసే పని షెరీఫ్ మనిషికి కాకుండా పర్యవేక్షకుడికి ఇమ్మనొచ్చు. రద్దయిన క్లాసులెన్ని, ఎందుకు? సంక్షేమ నిధిలోంచి జీతాలకెంత పోయింది, పుస్తకాలకెంత? పర్యవేక్షకుడు అడిగిన కాగితం ఎన్ని రోజులకి చేతికొచ్చింది? ఇవన్నీ చదవడానికి నాకు నిమిషం ఇరవై సెకన్లు పట్టింది, టైమర్ పెట్టి చూశాను.